బీమ్ పరీక్షా బెంచి ఒకటి సీమకు కావాలి: రాయలసీమ ఉపకులపతులకు, ఆచార్యులకు బహిరంగ లేఖ

అనంతపురం జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం పెద్దలకు, అక్కడి భౌతికశాస్త్ర, ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖల ఆచార్యులకు నమస్కారాలు.

నేను అనంతపురంలో చాలా ఏళ్లుగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్న అధ్యాపకుడిని. ఈ లేఖలో అడుగుతున్నది ఒక్కటే. మీ సంస్థలన్నీ కలిసి, ఏదో ఒక ప్రాంగణంలో, అందరూ వాడుకునేలా ఒక చిన్న అయాన్ బీమ్ (ఆవేశం ఉన్న కణాల ధార) పరీక్షా బెంచిని నెలకొల్పండి. దాని చుట్టూ వాక్యూం పనులు, హై వోల్టేజి పనులు చేతితో నేర్పే ఒక పాఠం పెట్టండి. ఎంఎస్సీ, బీటెక్ పిల్లలతో పాటు పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలను కూడా అందులోకి రానివ్వండి.

ఈ కోరిక వెనక ఉన్నది కేంద్రక సంలీన రియాక్టర్లకు, అంటే తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించేవాటికి, కావలసిన ఒక యంత్రం. దాన్ని న్యూట్రల్ బీమ్ ఇంజెక్టర్ అంటారు. దక్షిణ ఫ్రాన్సులోని కాదరాష్‌లో ఏడు భాగస్వామ్య పక్షాలు కలిసి కడుతున్న ఇటర్ అనే సంలీన రియాక్టర్ గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. భారతదేశం 2005లో అందులో చేరింది. 2006 నవంబరులో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 50 మెగావాట్ల వేడిని ప్లాస్మాలోకి, అంటే ఆవేశ కణాలుగా విడిపోయిన వాయువులోకి, పంపి 500 మెగావాట్ల సంలీన శక్తి రాబట్టడం ఇటర్ లక్ష్యం. అందుకు ప్లాస్మాను పదిహేను కోట్ల డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ వేడిలో 33 మెగావాట్ల దాకా అందించవలసినవి రెండే రెండు న్యూట్రల్ బీమ్ ఇంజెక్టర్లు. ఒక్కొక్కదాని వాటా 16.5 మెగావాట్లు. అంతటి బీమ్‌ను గంట సేపు ఇచ్చిన ఇంజెక్టర్ ప్రపంచంలో ఇంతవరకూ ఎక్కడా లేదు. సిద్ధాంతం ఎప్పుడో తేలిపోయింది. మిగిలింది పరీక్ష. ఆ పరీక్షకు కావలసిన చేతులు మన పిల్లలకు ఉన్నాయన్నదే నా వాదన.

యంత్రం చేసే పని చెప్పడానికి తేలికే. ప్లాస్మాను కట్టడి చేసే అయస్కాంత క్షేత్రం లోపలి కణాలను బయటికి పోనివ్వదు, బయటి నుంచి వచ్చే ఆవేశ కణాలను లోపలికి రానివ్వదు. ఆవేశం లేని పరమాణువుకు మాత్రం ఆ క్షేత్రంతో పని లేదు, నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. లోపల ఢీకొని ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్నాక అక్కడే చిక్కుకుని, తన శక్తిని ప్లాస్మాకు పంచిపెడుతుంది. చిక్కల్లా ఒక్కటే: ఆవేశం లేని కణాన్ని విద్యుత్తుతో తోయలేం. కాబట్టి ముందు అయాన్‌ను తయారు చేసి, దాన్ని వేగంగా తోసి, ఆ తరువాత దారిలో దాని ఆవేశాన్ని తీసేయాలి.

ఇంగ్లండులో 2023 చివరిదాకా నడిచిన జెట్ అనే సంలీన యంత్రంలో ఇదే పని ధనావేశ అయాన్లతో చేశారు. ఆ బీమ్‌ల శక్తి చివరి ఏళ్లలో సుమారు 125 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ పరిధిలో ధనావేశ అయాన్లతో పని జరుగుతుంది. ఇటర్ ప్లాస్మా చాలా పెద్దది. దాని నడిబొడ్డు దాకా చేరాలంటే కణానికి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అంత వేగంతో పోయే ధనావేశ అయాన్ దారిలోని వాయువు నుంచి ఎలక్ట్రాన్‌ను అందుకోలేదు. తటస్థమయ్యే కణాల వాటా దాదాపు సున్నాకు పడిపోతుంది. అందుకే అక్కడ రుణావేశ అయాన్లు తప్పవు. హైడ్రోజన్ పరమాణువుకు అదనంగా అంటుకున్న రెండో ఎలక్ట్రాన్ పట్టు చాలా వదులు, 0.75 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. వాయువులోంచి పోతుంటే అది తేలికగా రాలిపోతుంది. అలా ఆ అయాన్లలో సుమారు అరవై శాతం దాకా తటస్థమవుతాయి.

అయితే అంత వదులుగా ఉన్న ఎలక్ట్రాన్‌ను ముందు అంటించడమే కష్టం. ఇక్కడ సీసియం అనే లోహం వస్తుంది. అయాన్ సోర్సు (అయాన్లు పుట్టే పాత్ర) లోపలి గ్రిడ్ మీద, అంటే రంధ్రాలున్న లోహపు పలక మీద, సీసియం పలచని పొరగా పరుచుకుంటే, ఆ ఉపరితలం ఎలక్ట్రాన్లను తేలికగా వదులుతుంది. దానికి తగిలిన హైడ్రోజన్ ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా పట్టుకుని వెనక్కి వస్తుంది. ఆ పొర ఎక్కువైనా, తక్కువైనా ఫలితం పడిపోతుంది. గ్రిడ్ మీద ఒక చోట సరిగా ఉండి ఇంకో చోట పలచబడితే బీమ్ ఏకరీతిగా రాదు. సీసియం 28 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది. మే నెలలో అనంతపురం తరగతి గదిలో గాజు గొట్టంలో దాన్ని ఉంచితే పొయ్యి అవసరం లేకుండానే ద్రవమైపోతుంది. తేమ తగిలితే మండిపోతుంది. నీటి ఆవిరి కొంచెం లోపలికి లీకైనా సోర్సు పని చెడుతుంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో తేలిపోయే ఈ సీసియం మీద జర్మనీలో గార్చింగ్, జపాన్‌లో నాకా, ఇటలీలో పాదువా, మన గాంధీనగర్‌లలో ఏళ్ల తరబడి పరిశోధనలు సాగుతున్నాయి.

అంకెలు చూస్తే కష్టం ఇంకా తెలుస్తుంది. ఇటర్‌లో ఒక్కో ఇంజెక్టర్ పది లక్షల వోల్టుల దగ్గర 40 ఆంపియర్ల డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) అయాన్లను తోయాలి. అంటే 40 మెగావాట్లు. మన ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలోని ఒక 210 మెగావాట్ల యూనిట్ ఇచ్చే కరెంటులో దాదాపు ఐదో వంతు. అంత శక్తి 1280 రంధ్రాలున్న గ్రిడ్ల గుండా, 1280 సన్నని పాయలుగా, గంట సేపు ఆగకుండా పోవాలి. ఏ పాయ అయినా కొద్ది మిల్లీరేడియన్ల కోణానికి మించి విచ్చుకోకూడదు. పక్కకు తిరిగిన పాయ రాగి గోడకు తగిలితే ఆ చోటు కరిగిపోతుంది. తటస్థం కాని అయాన్లను విద్యుత్ క్షేత్రంతో పక్కకు తిప్పి, నీళ్లతో చల్లబరిచే పలకల మీద దించాలి. 40 మెగావాట్లు మొదలైతే ప్లాస్మాకు చేరేది 16.5. మధ్యలో పోయిన శక్తి అంతా ఏదో ఒక లోహపు భాగం భరించవలసిందే.

ఈ కథలో మన దేశం ప్రేక్షకురాలు కాదు. గాంధీనగర్ పక్కన భాట్ గ్రామంలోని ప్లాస్మా పరిశోధన సంస్థ 1986 నుంచి పనిచేస్తోంది. అక్కడ ఆదిత్య టోకమాక్ (ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం) 1989లో మొదలైంది. ఆ సంస్థ పరిధిలోని ఇటర్-ఇండియా ఇటర్‌కు ఒక ప్రత్యేకమైన బీమ్‌ను ఇవ్వవలసి ఉంది. ప్లాస్మాను వేడి చేయడం దాని పని కాదు, కొలవడం దాని పని. సంలీనంలో పుట్టిన హీలియం బూడిదలా ప్లాస్మాలో పేరుకుంటే మంట మందగిస్తుంది. లక్ష వోల్టులతో తోసిన హైడ్రోజన్ బీమ్‌ను లోపలికి పంపి, దాని వల్ల పుట్టే కాంతిని చదివితే ఆ బూడిద ఎంత ఉందో తెలుస్తుంది. 60 ఆంపియర్ల రుణావేశ హైడ్రోజన్ అయాన్లు దానికి కావాలి. ఆ బీమ్ ప్రయాణించే పూర్తి దూరాన్ని, 21 మీటర్లను, అలాగే అమర్చి పరీక్షించడానికి గాంధీనగర్‌లో ఇండియన్ టెస్ట్ ఫెసిలిటీని కట్టారు. దానికంటే ముందు రాబిన్ అనే చిన్న బెంచి మీద, ఆ తరువాత ట్విన్ అనే రెండు డ్రైవర్ల (ప్లాస్మా పుట్టించే గదుల) సోర్సు మీద పని నేర్చుకున్నారు. ఈ క్రమం చూడండి. దేశంలో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు కూడా చిన్న బెంచితోనే మొదలుపెట్టారు.

ఇక పాదువా సంగతి. ఇటర్ ఇంజెక్టర్లను ముందుగా పరీక్షించడానికి ఇటలీలో కట్టిన కేంద్రంలో స్పైడర్, మీతికా అని రెండు యంత్రాలున్నాయి. స్పైడర్ అయాన్ సోర్సుకు, మీతికా పూర్తి ఇంజెక్టర్‌కు. స్పైడర్‌కు లక్ష వోల్టుల పవర్ సప్లై, బీమ్‌ను ఆపే బీమ్ డంప్ భారతదేశం నుంచే వెళ్లాయి. 2018 జూన్‌లో అది మొదలయ్యాక, కాగితం మీద ఎవరికీ కనిపించని చిక్కు బయటపడింది. సోర్సు లోపల పీడనం 0.3 పాస్కల్ ఉండాలి. వాతావరణ పీడనంలో అది మూడు లక్షల వంతు కంటే తక్కువ. ఆ వాయువే గ్రిడ్ రంధ్రాల గుండా బయటి వాక్యూం పాత్రలోకి జారి, సోర్సు వెనక వైపు, ప్లాస్మా ఉండకూడని చోట, రేడియో తరంగాల శక్తితో మెరుపులు పుట్టించింది. అక్కడివాళ్లు ఏం చేశారో వింటే పరీక్ష అంటే ఏమిటో అర్థమవుతుంది. గ్రిడ్ ముందు ఒక పలక పెట్టి, 1280 రంధ్రాల్లో 80 మాత్రమే తెరిచి ఉంచారు. లోపలికి జారే వాయువు తగ్గింది, మెరుపులు తగ్గాయి, కొలతలు సాగాయి. 2021లో సీసియంతో నడిపి చూశారు. ఆ ఏడాది చివర యంత్రాన్ని ఆపి, విప్పి, నేర్చుకున్న దాని ప్రకారం మార్పులు చేసి, 2024లో మళ్లీ నడిపారు. అవన్నీ వృథా అయిన ఏళ్లని నేను అనుకోను. ఇటర్‌లోనే ఆ మెరుపులు మొదటిసారి కనిపించి ఉంటే నష్టం ఎన్నో రెట్లు ఉండేది.

హై వోల్టేజి పని కూడా ఇలాంటిదే. గ్రిడ్ల మధ్య మొదటి రోజే పూర్తి వోల్టేజి పెట్టరు. కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. ఎక్కడో ఒక సూక్ష్మమైన మొన దగ్గర, ఒక దుమ్ము కణం దగ్గర కరెంటు దూకి బ్రేక్‌డౌన్ వస్తుంది. సెకనులో పదివేలవ వంతులో పవర్ సప్లై ఆగిపోవాలి, లేకపోతే గ్రిడ్ కాలుతుంది. మళ్లీ పెడతారు, మళ్లీ వస్తుంది. అలా ఆ మొనలు కాలి, ఉపరితలం శుభ్రపడి, వోల్టేజి నిలుస్తుంది. దీన్నే కండిషనింగ్ అంటారు. రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి సాగే పని. పక్కనే కూర్చుని ప్రతి బ్రేక్‌డౌన్ ఏ వోల్టేజి దగ్గర, ఏ పీడనం దగ్గర వచ్చిందో రాసుకునే మనిషి కావాలి. ఓపిక, శుభ్రత, నిజాయతీగా రాసిన లాగ్ పుస్తకం: ఈ మూడూ ఉన్నవాడే ఆ గదిలో విలువైనవాడు. వాడికి ఐఐటీ పట్టా ఉందా లేదా అని యంత్రం అడగదు.

మన ప్రొద్దుటూరు సంగతి ఇక్కడ చెప్పాలి. బంగారానికి పేరుపడ్డ ఆ ఊళ్లో స్వర్ణకారులు టంకం పెట్టేటప్పుడు చూసే ఉంటారు. వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంటను వంచి, టంకం కరిగి సందులోకి పాకే క్షణంలో మంట తీసేస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే నగ కరుగుతుంది, ముందే తీస్తే అతుకు నిలవదు. బీమ్ ఇంజెక్టర్‌లో నీటి గొట్టాలను రాగి పలకలకు అతికే పని సారాంశంలో ఇదే. తేడా ఏమిటంటే అక్కడ వెలిగారం లాంటిది ఏదీ వాడకూడదు. దాని అవశేషం మిగిలితే వాక్యూంలో ఏళ్ల తరబడి ఆవిరిని వదులుతూనే ఉంటుంది. అందుకే గాలి లేని కొలిమిలో అతుకుతారు, అక్కడ తుప్పు పుట్టదు కాబట్టి వెలిగారంతో పని లేదు. ఆ కొలిమి ముందు నిలబడే పిల్లవాడు ప్రొద్దుటూరు నుంచి వస్తే, తాతల నాటి చూపు వాడికి అక్కరకొస్తుంది.

లీకు వెతకడం మీలో చాలామందికి తెలిసిన పనే, కానీ మన డిగ్రీ విద్యార్థుల్లో దాన్ని కళ్లారా చూసినవాళ్లు అరుదు. పాత్రలోంచి గాలి తీసి, హీలియం లీక్ డిటెక్టర్ తగిలించి, బయట జాయింట్ల దగ్గర సన్నగా హీలియం చల్లుతారు. హీలియం తేలిక కాబట్టి పైకి పోతుంది. అందుకే పై జాయింటు నుంచి కిందికి రావాలి. కింద మొదలుపెడితే పైకి లేచిన హీలియం పై లీకులోకి దూరి, కింది జాయింటు మీద నింద పడుతుంది. రాగి గాస్కెట్‌ను ఒట్టి చేత్తో ముట్టుకుంటే వేలి జిడ్డు అంటుతుంది. అంచు మీద వెంట్రుక వాసి గీత పడితే ఆ ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) ఇక పట్టదు. బోల్టులను వరసగా బిగించకూడదు, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించాలి. ఇవేవీ పరీక్ష పేపర్లో మార్కులు తెచ్చేవి కావు. వీటిలో ఏది తప్పినా యంత్రం నడవదు.

మన ప్రాంతంలోని ఒక కళాశాలకు కొన్నేళ్ల కిందట ఒక మంచి వాక్యూం పంపు వచ్చింది. తనిఖీ బృందం వచ్చినప్పుడు బల్ల మీద పెట్టారు, వెళ్లాక మళ్లీ అట్టపెట్టెలో పెట్టారు. పాడవుతుందని విద్యార్థులను ముట్టుకోనివ్వలేదు. నేను అక్కడికి వెళ్లినప్పుడు దాని ఆయిల్ సీసాకు సీలు కూడా తీయలేదు. ఆ కళాశాల పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, అలాంటి గదులు మన సీమ జిల్లాల్లోనూ ఉన్నాయని మీకూ తెలుసు. ఆ పంపు చూసినప్పుడు నాకు కలిగిన బాధే ఈ లేఖ రాయించింది. పాడవనివ్వండి. విప్పి బాగు చేయడం కూడా చదువే.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో వాక్యూం పరికరాలు తయారు చేసే సంస్థలో పనిచేస్తోంది. మన దగ్గర మూడేళ్లు భౌతికశాస్త్రం చదివి, వాక్యూం గేజి ఎలా ఉంటుందో మొదటిసారి ఉద్యోగంలో చేరాకే చూసింది. ఆరు నెలల్లో పని పట్టుకుంది. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు నాతో, సార్, ఇది అనంతపురంలోనే నేర్పి ఉండవచ్చు కదా అంది. ఆ మాటకు సమాధానం చెప్పవలసింది నేనొక్కడినే కాదు, మనమందరం.

బెంచి ఎలా ఉండాలో నా ఆలోచన చెబుతాను. మీటరు పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర. దానికి ఒక టర్బో పంపు, వెనక ఒక రోటరీ పంపు. ఒక చివర చిన్న హైడ్రోజన్ అయాన్ సోర్సు, 20 కిలోవోల్టుల పవర్ సప్లై, కొద్ది మిల్లీఆంపియర్ల బీమ్. మధ్యలో వాయువు నింపే సన్నని గొట్టం, దాని తరువాత ఒక అయస్కాంతం. రెండో చివర ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్స్ అమర్చిన రాగి పలక. ఆ శక్తి దగ్గర ధనావేశ అయాన్లలో అధిక భాగం వాయువులో తటస్థమవుతుంది. అయస్కాంతం పెట్టకుండా పలక ఎంత వేడెక్కిందో చూడాలి. పెట్టాక ఎంత వేడెక్కిందో చూడాలి. అయస్కాంతానికి లొంగని కణాల వాటా ఎంతో ఆ రెండు అంకెల నుంచి లెక్క కట్టవచ్చు. జెట్ నుంచి ఇటర్ దాకా ఇంజెక్టర్ల చరిత్ర అంతా నిలబడిన ప్రశ్నను ఒక ఎంఎస్సీ విద్యార్థిని తన చేతులతో కొలిచి చూడగలుగుతుంది. సీసియం జోలికి మొదట పోనక్కరలేదు. కొన్నేళ్లు బెంచి నడిచి, మనుషులు తయారయ్యాక, రుణావేశ అయాన్ల వైపు అడుగు వేయవచ్చు.

పనిని పంచుకోవడం కూడా కష్టం కాదు. పాత్ర, గ్రిడ్ల రూపకల్పన కర్నూలు ట్రిపుల్ ఐటీ చేయగలదు, దాని పేరులోనే డిజైన్, తయారీ రెండూ ఉన్నాయి. పవర్ సప్లై, రక్షణ సర్క్యూట్లు జేఎన్‌టీయూ ఎలక్ట్రికల్ శాఖకు తగిన పని. ప్లాస్మా కాంతిని చదివే స్పెక్ట్రోస్కోపీ, కొలతలు, లెక్కలు మిగిలిన విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర శాఖలు తీసుకోవచ్చు. బెంచి ఎక్కడ పెట్టాలన్న దాని మీద నాకు పట్టుదల లేదు. మా ఊళ్లో ఉండాలి, మీ ఊళ్లో ఉండాలి అనే తగువుతో మాత్రం దీన్ని చెడగొట్టవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. సీమలో ఇప్పటికే అలాంటి తగువులతో పోగొట్టుకున్నవి చాలు.

అభ్యంతరాలు ఉంటాయి. అన్నిటికంటే ముందు వచ్చేది భయం. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో నీళ్ల గురించి, పంటల గురించి ప్రజల్లో ఆందోళన ఉంది. అణువు అన్న మాట వినగానే అక్కడివాళ్లు ఉలిక్కిపడితే తప్పు వాళ్లది కాదు. అందుకే ఈ బెంచి గురించి మొదటి రోజు నుంచే తలుపులు తెరిచి చెప్పాలి. ఇందులో యురేనియం లేదు, ట్రిటియం లేదు, రేడియోధార్మిక పదార్థం ఏదీ లేదు. 20 కిలోవోల్టుల హైడ్రోజన్ బీమ్ నుంచి లెక్కలోకి వచ్చేంత న్యూట్రాన్లు పుట్టవు. తప్పించుకున్న ఎలక్ట్రాన్ల వల్ల బలహీనమైన ఎక్స్ కిరణాలు పుట్టవచ్చు, వాటిని స్టీలు పాత్ర గోడే ఆపుతుంది. చూసే గాజు కిటికీలకు మాత్రం అడ్డు పెట్టి, మీటరుతో కొలిచి, ఆ అంకెను గోడ మీద రాసి పెట్టాలి. నిజమైన ప్రమాదాలు రెండు: హై వోల్టేజి, హైడ్రోజన్ సిలిండరు. రెండింటికీ గట్టి నియమాలున్నాయి. తలుపు తెరిస్తే కరెంటు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు, ఎర్తింగ్ కడ్డీ తగిలించాకే లోపల చెయ్యి పెట్టే అలవాటు, సిలిండరు బయట గాలి ఆడే చోట ఉండటం. ఈ అలవాట్లు మన పిల్లలకు ఏ కర్మాగారంలోనైనా ప్రాణం కాపాడేవే.

నీళ్ల సంగతి అడుగుతారు, అడగాలి కూడా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఈ బెంచికి కావలసింది అవే నీళ్లు తిరిగి తిరిగి వచ్చే చిల్లరు (నీళ్లను చల్లబరిచే యంత్రం) మాత్రమే. పైగా ఆ నీళ్లు బోరు నుంచి నేరుగా రాకూడదు, లవణాలు తీసేసిన నీళ్లే వాడాలి.

సంలీన విద్యుత్తు వచ్చి మన కరెంటు కష్టాలు తీరుతాయని నేను ఎవరికీ ఆశ పెట్టడం లేదు. కర్నూలు సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లు. అనంతపురం కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. మన పొలాల మోటార్లకు కావలసింది అక్కడి నుంచి వస్తుంది. 2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం ఇటర్ పరిశోధన 2034లో మొదలవుతుంది, డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలు 2039లో. నేను అడుగుతున్నది మనుషుల తయారీ. ఇప్పుడు గుంతకల్లులోనో, ఆదోనిలోనో, జమ్మలమడుగులోనో ఇంటర్ చదువుతున్న అమ్మాయికి 2039 నాటికి సుమారు ముప్పై ఏళ్లుంటాయి. ఆ ప్రయోగాల్లో పనిచేయడానికి సరైన వయసు. ఆ యంత్రం దగ్గర నిలబడాలంటే వాక్యూం, హై వోల్టేజి ఇప్పుడే ముట్టుకోవాలి. సంలీనంలోకి వెళ్లనివాళ్లకూ ఈ విద్య వృథా పోదు. చిప్పుల తయారీలో అయాన్లను చొప్పించే యంత్రాలు, క్యాన్సర్ చికిత్సకు వాడే యాక్సిలరేటర్లు, అంతరిక్ష పరికరాలను పరీక్షించే గదులు, పనిముట్లకు గట్టి పూతలు వేసే కొలుములు, అన్నీ ఇదే పనితనం మీద నడుస్తాయి.

2025 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాలోని రక్షణ శాఖ పరీక్షా స్థలంలో అధిక శక్తి లేజర్ ఆయుధాన్ని పరీక్షించినట్టు అందరం చదివాం. గర్వపడ్డాం. అది రక్షణ రంగం, దాని తలుపులు మూసి ఉండటం సహజం. విశ్వవిద్యాలయంలో పెట్టే బెంచికి ఆ అవసరం లేదు. దాని తలుపు ఆళ్లగడ్డ ప్రభుత్వ పాఠశాల పిల్లలకు కూడా తెరవవచ్చు.

డబ్బు మాట చివర చెబుతున్నాను, ఎందుకంటే అది అసలు అడ్డంకి కాదని నా నమ్మకం. అణుశక్తి శాఖ పరిధిలోని పరిశోధన నిధుల మండలి బీఆర్‌ఎన్‌ఎస్ విశ్వవిద్యాలయాల పరిశోధన ప్రతిపాదనలకు నిధులిస్తుంది. గాంధీనగర్ సంస్థతో కలిసి ఒక ప్రతిపాదన పంపడానికి అడ్డేమీ లేదు. విడివిడిగా పంపే చిన్న ప్రతిపాదనల కంటే ఉమ్మడిగా పంపేదానికి బరువు ఎక్కువ. పరికరాలు కొన్నాక వాటిని నడిపే మనిషి జీతం గురించి మాత్రం ముందే ఆలోచించండి. ప్రాజెక్టు మూడేళ్లలో ముగిసి, సాంకేతిక సహాయకుడు వెళ్లిపోయి, బెంచి మీద దుమ్ము పడటం చాలాచోట్ల జరిగేదే. ఒక శాశ్వత ఉద్యోగం, ఒకే ఒక్కటి, ఈ బెంచికి కేటాయించండి. పంపు మోడల్ ఏదన్న దాని కంటే, ఎన్ని లక్షలన్న దాని కంటే ఈ ఉద్యోగమే ముఖ్యం.

నా అభ్యర్థన ఇది. వచ్చే విద్యా సంవత్సరానికి ముందు జరిగే పాఠ్య ప్రణాళికా సంఘ సమావేశాల్లో వాక్యూం, హై వోల్టేజి ప్రయోగ పాఠాన్ని చర్చకు పెట్టండి. మీ సంస్థల నుంచి ఒక్కొక్కరి చొప్పున ఒక కమిటీ వేసి, గాంధీనగర్‌కు పంపి, రాబిన్ బెంచిని చూసి రమ్మనండి. తిరిగి వచ్చాక ఉమ్మడి ప్రతిపాదన రాయవచ్చు. ఆ రాతపనిలో నేనూ, నాతోటి అధ్యాపకులు కొందరూ పాలు పంచుకుంటాం. ప్రయోగాల ముసాయిదా, భద్రతా నియమాల ముసాయిదా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తయారు చేసి ఇస్తాం. సమావేశం కర్నూలులో పెట్టినా, కడపలో పెట్టినా, అనంతపురంలో పెట్టినా కబురు చేస్తే చాలు, మా ఖర్చులతో మేమే వస్తాం.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం